ఇంటికాడ ఒంటరిగ ఉన్న పెద్దలు: మనం చెయ్యని పని



కరోనా కాలంలో మన సంఘాలు మాస్కులు కుట్టినయి, వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపినయి. అదంతా నివేదికలో ఉన్నది. మేము మాత్రం చెయ్యని పని ఒకటి చెప్తం.

మన పాలమూరు ఊర్ల నుంచి బొంబాయి, పూణెకు, నల్లగొండ దిక్కు నుంచి భీవండి మగ్గాలకు వలస పోతరు. ఇండ్లు కాసేది ముసలోళ్లే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డంక కొడుకులు అక్కడ, వీళ్లు ఇక్కడ చిక్కుకున్నరు. సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. ఇగ తిండికి రంది లేదనుకున్నం.

మా గల్లీలో ఒక అవ్వ ఉన్నది. సంఘం పెట్టిన కొత్తల ఇంటింటికి తిరిగి పొదుపు జమ చేసింది ఆమెనే. అరవై దాటినయి, బ్యాంకు లోను కాడ ఇబ్బంది అయితదని మేమే ఆమె పేరు తీసేసినం. లాక్‌డౌన్‌ల రిజిస్టర్ చూసుకుంట అందరికీ ఫోన్లు చేసినం. అందుల ఆమె పేరు లేదు. నెల దాటినా ఎవ్వరం పోలే.

పోయి చూస్తే బటన్ ఫోన్ బియ్యం డబ్బాల ఉన్నది. ఒకటో నంబరు నొక్కితే కొడుకుకు పోయేటట్టు పెట్టిచ్చుకున్నది. మార్చిలో అట్ల నొక్కితే దగ్గు వినొచ్చిందట. కొడుక్కే రోగమొచ్చింది, చెప్తలేడని భయపడి మళ్ల ఫోన్ ముట్టలే. అది ఫోన్ కలిసే ముందు వచ్చే కరోనా ప్రకటన. మనం విని విని విసిగినం, ఆమెకు చెప్పినోళ్లే లేరు. రీచార్జి అయిపోయి కొడుకు చేసే ఫోన్ కూడా రాలే. మా ఫోన్ కలిపి ఇస్తే ‘తిన్నవా బిడ్డా’ అని మూడుసార్లు అడిగింది, ఇంకేం అనలే.

2021 ఫిబ్రవరిలో రేషన్‌కు ఓటీపీ వచ్చింది. నంబరు కొడుకుది, ఓటీపీ పూణెకు పోతది! కంటిపాప మిషనేమో కండ్లల్ల పొర ఉన్నోళ్లను జల్ది పట్టదు. మార్చిలో అరవై దాటినోళ్లకు టీకా అన్నరు. ఒక్క ఫోన్ మీద నలుగురి పేర్లు ఎక్కియ్యొచ్చని తెలిసి మా ఫోన్లల్ల పెద్దల పేర్లు ఎక్కించినం.

‘కొడుకులు చూసుకోరా?’ అని కొందరు అక్కలు అడిగినరు. వాళ్లను సాదాలెననే కదా ఆ పిల్లలు ఊరిడిసి పోయింది.

ఇప్పుడు మీటింగుల పొదుపు లెక్క కాంగనే ఒంటరిగ ఉన్న పెద్దల పేర్లు చదువుతున్నం. ఎవరింటికి ఎవరు పోయిండ్రు, ఫోన్ల రీచార్జి ఉన్నదా అని అడుగుతున్నం. సమాఖ్యను మేము అడిగేది ఒక్కటే: పేరు తీసేసిన పెద్దలకు ప్రతి రిజిస్టర్‌ల ఒక పేజీ ఉంచున్రి. లోను ఇయ్యకున్నా సరే.

ఆ అవ్వ ఇప్పుడు పొదుపు కట్టదు గని, మీటింగుకు అందరికన్న ముందు వస్తది.