వలిసె గింజ – వంటనూనె
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములు చదువుట ఈ గ్రంథాలయము నాకు పెట్టిన భిక్ష. నేడు ఏ ప్రబంధమును గూర్చియో ముచ్చటింతునని మీరు తలచియుందురు. నేను నూనెను గూర్చి మాటలాడదలచితిని, మన్నింపుడు.

వానలు వెనుకబట్టిన పిమ్మట మన అరకు మెట్టలు పసుపు వన్నె దాల్చును. అది వలిసె పూత. పట్టణవాసులు వచ్చి ఛాయాచిత్రములు తీసికొని పోవుదురు. గింజ రాలిన పిమ్మట వర్తకుడు తప్ప ఎవ్వరును రారు. ఆ గింజ సంతలో బస్తాల కెక్కి కొండ దిగును. మన దేశపు వలిసె గింజలో కొంత అమెరికాకు పోవును, ఎందులకనుకొంటిరి? పెరటి పిట్టలకు మేతగా! గింజతోపాటు కలుపు విత్తులు అచట మొలకెత్తకుండుటకై, దానిని వేడిచేసి మరీ దింపుకొందురు.

అదే సంతలో మనము కొని తెచ్చుకొనునది పామాయిలు పొట్లము. ఆ నూనె ఇండోనీషియా, మలేషియాలనుండి ఓడలలో వచ్చి, కాకినాడ, కృష్ణపట్నము వంటి రేవుల చెంత శుద్ధియై, పొట్లములకెక్కి మన కొండ యెక్కును. దేశము వాడు వంటనూనెలో సగమునకు పైగా దిగుమతియే. 2022–23లో అది కోటి అరువది లక్షల టన్నులు దాటినది. 2022 ఏప్రిలు 28న ఇండోనీషియా పామాయిలు ఎగుమతిని నిలిపి, మే 23న మరల తెరచినది. ఆ నడిమి దినములలో మా యింట పోపునకు నూనె చెంచాతో కొలిచి పోసిరి. అటకమీద వలిసె బస్తా ఉన్నది, గానుగ లేదు.

దిగుమతి యెల్ల చెడ్డదని నా మాట కాదు. కేరళలోని కర్మాగారములు విదేశపు మిరియములు తెప్పించి, సారము తీసి, తిరిగి ఎగుమతి చేయుచున్నవి. పని వారిది, లాభము వారిది. అయినను చౌక మిరియములు వెల్లువగా రాగా రైతులు మొరపెట్టుకొనిరి. 2017 డిసెంబరులో కిలో 500 రూపాయలకు తక్కువగా దింపరాదని కేంద్రము కట్టడి చేసినది. మన సిల్వరోకు చెట్లకు ప్రాకిన తీగకును ఆ సంగతితో చుట్టరికము కలదు.

కాఫీలో మనము కొంత నేర్చితిమి. పండు తోలు ఒలిచి, కడిగి, ఆరబెట్టి అమ్ముచున్నాము. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపును వచ్చినది. వలిసెకు మాత్రము ఆ యోగము పట్టలేదు.

గానుగ పెట్టుటకు ముందు లెక్క తేలవలెను. ఏ యింట ఎన్ని కుంచముల గింజ అమ్మిరి, ఎన్ని పొట్లముల నూనె కొనిరి అని వ్రాయుటకు గ్రంథాలయపు బల్లమీద ఒక చిట్టా ఉంచితిని. మొదటి పుట మా యింటిది. కలము దానికే కట్టియున్నది.