సాక్షి పలికిన పలుకు
(ప్రసంగ పాఠం)



అమెరికా కారాగారాలను గురించి, అక్కడి నల్లజాతీయులను గురించి, కళలు ఆ విషయంలో ఏం చేయగలిగాయో మాట్లాడమని నన్ను కోరారు. న్యాయవాదిని గనుక నాకు మొదట స్ఫురించింది నాటకం కాదు, ఒక తీర్పు. జార్జియా రాష్ట్రానికి చెందిన మెక్లెస్కీ అనే నల్లజాతీయుని వ్యాజ్యంలో 1987లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చినది. ఆచార్య డేవిడ్ బాల్డస్ బృందం ఆ రాష్ట్రంలోని రెండువేలకు పైగా హత్యకేసులను పరిశీలించింది. హతుడు శ్వేతజాతీయుడైతే మరణశిక్ష పడే అవకాశం, హతుడు నల్లజాతీయుడైనప్పటికంటే 4.3 రెట్లు ఎక్కువని తేల్చింది. న్యాయస్థానం ఆ లెక్కను తోసిపుచ్చలేదు. లెక్క సరైనదే అనుకున్నా, ఈ నిందితుని విషయంలో ఎవరైనా ఉద్దేశపూర్వకంగా వివక్ష చూపినట్లు రుజువు కాలేదన్నది. అయిదుగురు అటు, నలుగురు ఇటు. ఈ వాదనను అంగీకరిస్తే నేరన్యాయ వ్యవస్థ మూలసూత్రాలనే ప్రశ్నించవలసి వస్తుందన్న జంకు కూడా ఆ తీర్పులో కనిపిస్తుంది. 1991లో మెక్లెస్కీకి మరణశిక్ష అమలైంది. తీర్పు రాసిన జస్టిస్ పావెల్ పదవీ విరమణ చేసిన తరువాత, తాను ఓటు మార్చుకోదలిచే తీర్పు ఏదైనా ఉంటే అది ఇదేనని తన జీవితచరిత్రకారునితో అన్నారు. అప్పటికి ఆ మాట ఎవరికి ఉపయోగం?

న్యాయస్థానం ఎదుట ఒకసారి ఒక్క మనిషే నిలబడతాడు. అన్యాయమేమో వేలమందిని ఒకచోట నిలబెడితే తప్ప కంటికి కనబడదు. 1970ల ఆరంభంలో అమెరికా రాష్ట్ర, కేంద్ర కారాగారాలలో ఉన్నవారు సుమారు 2 లక్షలు. 2009 నాటికి వారు 16 లక్షలు. స్థానిక జైళ్లను కలిపితే 20 లక్షలు దాటారు. జనాభాలో సుమారు 13 శాతం ఉన్న నల్లజాతీయులు ఖైదీలలో దాదాపు మూడోవంతు. ఈ అంకెలను ఏ న్యాయమూర్తి ఎదుట ఉంచినా, నీ కేసుకు దీనితో సంబంధమేమిటని అడుగుతాడు.

ఆ సంబంధాన్ని రంగస్థలం మీద చూపినవారిలో అన్నా డేవియర్ స్మిత్ ముఖ్యురాలు. ఆమె నాటకం ‘నోట్స్ ఫ్రమ్ ద ఫీల్డ్’ పాఠశాల నుండి కారాగారానికి సాగే దారిని గురించినది. అందుకోసం ఆమె దాదాపు 250 మందితో మాట్లాడారు. వారిలో కొందరి మాటలను కంఠస్థం చేసి, ఒక్కతే అందరి పాత్రలూ ధరించారు. ఆ పాత్రలలో ఒకటి దక్షిణ కరోలినాకు చెందిన ఒక విద్యార్థినిది. 2015 అక్టోబరులో అక్కడి తరగతి గదిలో ఒక పోలీసు అధికారి ఒక నల్లజాతి బాలికను బెంచీతో సహా పడదోసి ఈడ్చుకుపోయాడు. ఇదేమి అన్యాయమని అరిచిన తోటి విద్యార్థినిని కూడా అరెస్టు చేశారు. నేరం: ‘పాఠశాల ప్రశాంతతకు భంగం’. అలాంటి చట్టం ఒకటి ఉండేది! ఆ చట్టం విద్యార్థులకు వర్తించకుండా 2018లో సవరించారు. విద్యార్థులపై దాని అమలు రాజ్యాంగ విరుద్ధమని 2021లో ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది, 2023లో అప్పీలు కోర్టు దానిని ఖాయం చేసింది. నాటకం వల్లనే ఇది జరిగిందని చెప్పను. అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ సంవత్సరాల తరబడి వ్యాజ్యం నడిపింది. చప్పట్లు కొడితే జైలు తలుపులు తెరుచుకోవు. పైగా, టిక్కెట్టు కొని వచ్చేవారిలో చాలామంది ముందే ఒప్పుకున్నవారై ఉంటారు.

అయినా రెండు విషయాలు మనం నేర్చుకోదగినవి. మొదటిది, స్మిత్ మాటను దిద్దలేదు. తడబాటు, విరామం, యాస, మధ్యలో తెగిపోయిన వాక్యం, అన్నీ చెప్పినవారివి చెప్పినట్లే ఉంచారు. ఇది కేవలం కళాభిరుచి అనుకోకండి. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో ఫిలడెల్ఫియాకు చెందిన 27 మంది కోర్టు లేఖకులకు నల్లజాతీయుల ఇంగ్లీషులోని వాక్యాలను వినిపించారు. 95 శాతం కచ్చితంగా రాయగలరని ధ్రువపత్రం పొందినవారు వారు. ప్రతి పది వాక్యాలలో సుమారు నాలుగింటిని తప్పుగా రాశారు. రికార్డు తప్పయితే అప్పీలు దేని మీద వేయాలి? లూసియానాలో ఒక నిందితుడు పోలీసులతో ‘నాకో లాయర్ని ఇవ్వండి, డాగ్’ అన్నాడు. ‘డాగ్’ అక్కడి నల్లజాతి యువకుల వాడుకలో మన ‘మామా’ వంటి పిలుపు. 2017లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అతని విన్నపాన్ని విచారణకు స్వీకరించలేదు. ఒక న్యాయమూర్తి విడిగా రాస్తూ, ‘లాయర్ డాగ్’ అనడం అస్పష్టమైన ప్రస్తావన అన్నాడు. లాయరు కుక్క!

నవ్వకండి. నేను వాదించే కోర్టులో తెలుగు రైతు బోనెక్కుతాడు, తమిళంలో ప్రశ్న అడుగుతారు, ఇంగ్లీషులో టైపు చేస్తారు. ‘అనుకుంటా’ అన్నవాడు ‘ఎరుగుదును’ అన్నట్లు కాగితం మీద చేరడం నేను కళ్లారా చూశాను. మన కష్టం, నల్లజాతీయుల కష్టం ఒకటేనని అనను. బానిసత్వం చూసినవారి చరిత్ర వేరు, దానితో పోల్చుకోవడం మనకు తగదు. సాక్షి పలుకు రికార్డులో మరొకటి కావడం మాత్రం రెండుచోట్లా ఉన్నదే.

రెండవ విషయం నాకు ఇంకా నచ్చినది. 2015లో బర్క్‌లీలోనూ, మరుసటి ఏడు కేంబ్రిడ్జ్‌లోనూ ఈ నాటకం ఆడినప్పుడు ద్వితీయాంకంలో ప్రేక్షకులను చిన్న చిన్న బృందాలుగా విడదీసి కూర్చోబెట్టారు. ఇప్పటిదాకా విన్నదాని మీద మీరేం చేస్తారని అడిగారు. ఆ సమయమంతా నటి మౌనం. మాట్లాడింది జనమే. 2018లో ఇది హెచ్.బి.ఓ. సినిమాగా వచ్చింది. ఇంట్లో కూర్చుని చూసేవారికి ఆ అంకం దక్కలేదు.

మనకు దక్కుతుంది. కార్యకర్తలు వెనుక కుర్చీలను గుండ్రంగా వేస్తున్నారు. ఒక్కొక్క వలయంలో పదిమంది చాలు. కోర్టులోనో, పోలీసు ఠాణాలోనో, బడిలోనో మీ మాట మరోలా రికార్డయిన సందర్భం ఉంటే చెప్పండి. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పండి. తమిళమో, కన్నడమో కలిసినా పరవాలేదు. రాసుకునేవారిని దిద్దవద్దని ముందే చెప్పాను. పెద్దవారు ముందు కూర్చోండి, నేను కూడా ఆ చివరి వలయంలో ఉంటాను.