పడవ కొనే ముందు



ఈ పూట పలకలు పక్కన పెట్టండి. ఒక పడవ బేరం గురించి చెబుతాను. ఇది మా పిన్ని ఇంట్లో జరిగింది. మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం ఒడ్డు ఊరు.

పిన్ని పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. ఎన్నాళ్ళని చిన్నాన్న ఇంకొకరి పడవ మీద వేటకు పోతాడు? సొంత పడవ కొనాలని ఆశ. సంక్రాంతి ముందు పక్క ఊళ్ళో ఒక ఫైబరు పడవ అమ్మకానికి వచ్చింది. పాతదే, కానీ అడుగు గట్టిగా ఉంది. ఇంజను కూడా మంచిదే. ధర తక్కువ. చిన్నాన్న పొంగిపోయాడు. అక్కడికక్కడే ఐదు వేలు బయానా ఇచ్చేశాడు.

ఆ రాత్రి పిన్ని నన్ను అడిగింది. "అమ్మాయీ, స్థలం కొంటే దస్తావేజు ఉంటాది కదా. పడవకి ఉండదా?"

ఉంటుంది. సముద్రంలో వేటాడే ఇంజను పడవను మత్స్యశాఖ ఆఫీసులో రిజిస్టరు చేయాలి. వాళ్ళు ఒక కాగితం ఇస్తారు. అందులో యజమాని పేరు, పడవ నంబరు, ఇంజను వివరాలు ఉంటాయి. ఆ నంబరు పడవ మీద కూడా రాయాలి. వేటకు లైసెన్సు వేరే ఉంటుంది.

మర్నాడు కాగితం అడిగాం. "2018 తిత్లీ తుపానులో పోయింది. ఈ పడవ నాదని ఊరంతా తెలుసు. స్టాంపు కాగితం మీద రాసిస్తాను" అన్నాడు అమ్మే ఆయన.

ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. తిత్లీ మన ఇళ్ళనే లేపేసింది. కాగితం ఒక లెక్కా? కానీ ఇంట్లో కాగితం పోయినా ఆఫీసులో లెక్క ఉంటుంది కదా! పడవ మీద నంబరు సగం మాసిపోయింది. పిన్ని చేత్తో తుడిచి, ఒక్కొక్క అక్షరం నోటుపుస్తకంలో దించుకుంది. (నంబరు అసలే లేకపోయినా, కావాలని చెరిపినట్టున్నా ఆ పడవ జోలికి పోకండి. దొంగ పడవ కావచ్చు.)

ఆ నంబరు పట్టుకుని ఆఫీసుకు పోయాం. పడవ ఆయన పేరున లేదు! చనిపోయిన తండ్రి పేరున ఉంది. ఆయనకు ఒక అన్న, ఒక చెల్లి. అన్న గుజరాత్‌లో, వేరావల్‌లో వేట చేస్తున్నాడు. రేపు ఆ అన్న వచ్చి "నా వాటా ఏది?" అంటే పిన్ని ఏం చెబుతుంది? పడవ మీద బ్యాంకు అప్పు ఉందా అని కూడా అడిగాం. లేదన్నారు. అదొక్కటి నయం.

ఇంకో సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో ఇంజను పడవలకు వేట నిషేధం. ఆ రోజులకు ప్రభుత్వం సాయం ఇస్తుంది. 2025లో కుటుంబానికి 20 వేలు ఇచ్చారు. పడవకు రిజిస్ట్రేషన్ సరిగా లేకపోతే ఆ సాయం దగ్గరా, డీజిల్ రాయితీ దగ్గరా చిక్కే.

పిన్ని వెళ్ళి చెప్పింది. "అన్నా, మీ మీద అనుమానం కాదు. ముగ్గురూ సంతకాలు పెట్టండి. కాగితం నా పేరున వచ్చిన రోజు మిగతా డబ్బు ఇస్తాను."

ఆయనకు కోపం వచ్చింది. వేరేవాళ్ళకు అమ్ముతానన్నాడు. చిన్నాన్న రెండు రోజులు పిన్నితో మాట్లాడలేదు. "నోటి దాకా వచ్చిన కూడు పారేశావు" అన్నాడు. పిన్ని ఏడ్చింది గానీ మాట మార్చలేదు. కాగితం లేని పడవకు వేరే బేరం మాత్రం ఎవరు వస్తారు? ఎవరూ రాలేదు.

వేరావల్‌లో వేట ఆగాక, జూన్‌లో అన్న ఇంటికొచ్చాడు. వారసుల కాగితం తీశారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం.

కొత్త కాగితం చేతికి రాగానే పిన్ని నోటుపుస్తకం తీసింది. తను రాసుకున్న నంబరు, కాగితం మీద నంబరు, పడవ మీద నంబరు, మూడూ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం పోల్చుకుంది. అమ్మిన ఆయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. అప్పుడు పిన్ని కొంగుముడి విప్పింది.