కాలువ మీద ఆమెకూ ఓటుండాల
(బద్వేలు రైతు సమావేశంలో ప్రసంగ పాఠం)

2009లో మన బద్వేలు నుంచి పి.ఎం. కమలమ్మ ఎమ్మెల్యేగా గెలిచారు. తర్వాత ఢిల్లీలో జాతీయ ఎస్సీ కమిషన్ సభ్యురాలయ్యారు. 2021 ఉపఎన్నికలో డాక్టర్ దాసరి సుధ 90,533 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు, 2024లో మళ్లీ గెలిచారు. ఇద్దరి పార్టీలు వేరు. ఆ చర్చ ఇక్కడ వద్దు.

అసెంబ్లీకి ఆడబిడ్డలను పంపిన ఈ తాలూకాలోనే, తెలుగుగంగ ఆయకట్టులో కలుపు తీసే అక్కలెందరికో నీటి సంఘంలో ఓటు లేదు. 1997 చట్టం ప్రకారం రికార్డుల్లో భూమో కౌలో ఉన్నవాళ్లే ఓటున్న సభ్యులు. పట్టా చూస్తే మొగుడి పేరునో, మామ పేరునో ఉంటుంది. బ్రహ్మంసాగర్ నీళ్లు చేనికి చాలకపోతే మొదట తెలిసేది ఆమెకే. అడిగే హక్కు మాత్రం లేదు.

మేము కోరేది ఒకటే. ఎకరమైనా సరే, ఇల్లాలి పేరున రాయించండి. నీటి సంఘం ఎన్నికల్లో ఆమెను నిలబెట్టండి.