పసిబిడ్డకు మాటిమాటికీ జబ్బు చేస్తుంటే



పసిబిడ్డలకు జలుబు, విరేచనాలు మామూలే. మందు వేస్తే తగ్గుతాయి. కానీ కొద్దిమంది బిడ్డలకు పుట్టుకతోనే రోగాలను తట్టుకునే శక్తి ఉండదు. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యులోపం. దిష్టి కాదు, పాల దోషం కాదు, హెచ్‌ఐవీ కాదు. వీటిలో చాలా ప్రమాదమైనదాన్ని డాక్టర్లు ‘స్కిడ్’ అంటారు. పుట్టినప్పుడు బిడ్డ బాగానే కనబడుతుంది. గుర్తించి వైద్యం చేయకపోతే ఒకటి రెండేళ్లు కూడా దక్కదు.

మనం చూడాల్సిన గుర్తులు ఇవి:

1. నోట్లో తెల్లపూత మందు రాసినా పోకపోవడం.
2. నిమ్ము తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడం.
3. వారాల తరబడి విరేచనాలు, బరువు పెరగకపోవడం.
4. బీసీజీ టీకా వేసినచోట చిన్న పుండై మానిపోవడం మామూలే. అది పెద్దదవుతూ చంకలో గడ్డలు కట్టి, జ్వరం వస్తుంటే మామూలు కాదు.
5. ఆ ఇంట్లో ముందు కూడా పసిబిడ్డలు పోయి ఉండటం.

ఈ ఐదోది ఆస్పత్రిలో ఎవరికీ కనబడదు, మనం చెప్తేనే తెలుస్తుంది. కానీ మన ఇళ్లల్లో పోయిన బిడ్డ మాట ఎత్తనివ్వరు. డాక్టరమ్మ ఎంతమంది పిల్లలు అంటే బతికున్నవాళ్లనే లెక్క చెప్తాం. అలా చేయొద్దు. మేనరికమైతే అదీ చెప్పాలి. కొన్ని రకాలు తల్లి వైపు నుంచి మగబిడ్డలకే వస్తాయి కాబట్టి పుట్టింట్లో పోయిన మగపిల్లల సంగతీ చెప్పాలి.

ఇలాంటి ఇళ్లల్లో కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పాలి. ఎందుకంటే బీసీజీలో బలహీనం చేసిన బతికున్న క్రిమి ఉంటుంది. శక్తి లేని బిడ్డకు అదే ఒళ్లంతా పాకుతుంది. మిగతావాళ్లెవరూ టీకాలు మానకూడదు, అవే మన పిల్లలకు రక్ష.

మొదటి పరీక్ష మామూలు రక్తపరీక్షే. అందులో లింఫోసైట్లు అనే కణాలు పసిబిడ్డకు 3000 కంటే తక్కువుంటే డాక్టరును గట్టిగా అడగాలి. పెద్దవాళ్లకు సరిపోయే లెక్క బిడ్డకు సరిపోదు. జబ్బులు ముదరకముందే, మొదటి మూడు నాలుగు నెలల్లో ఎముక మజ్జ మార్పిడి జరిగితే ఎక్కువమంది బిడ్డలు బతుకుతారు.

అక్కలారా, ఇద్దరు బిడ్డలు పోయిన తల్లిని నిందించడం ఆపుదాం. పెద్దాస్పత్రికి ఆమె వెంట ఒకరం వెళ్దాం, దారి ఖర్చుకు గ్రూపు పొదుపులోంచి అప్పిద్దాం. పోయిన బిడ్డ సంగతి చెప్తే పుట్టబోయే బిడ్డ దక్కొచ్చు.