పన్నెండేళ్ల రక్తస్రావం, ఇరవయ్యెనిమిది మాత్రలు

(సోలాపూర్‌లో తెలుగు సంఘాల యువజన కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి కూర్చున్న చోట పాస్టరుగారు నెలసరి గురించి మాట్లాడతారా అని వెనక వరుసలో గుసగుసలు వినిపిస్తున్నాయి. మార్కు సువార్త 5వ అధ్యాయంలో ఉన్న సంగతే మాట్లాడుతున్నాను. పన్నెండేళ్లు రక్తస్రావంతో నలిగిన స్త్రీ గురించి చాలా ప్రసంగాలు విన్నారు. ఆమె ఎందరో వైద్యుల దగ్గర తిరిగి, ఉన్నదంతా ఖర్చుపెట్టినా జబ్బు ఎక్కువే అయిందని మార్కు రాశాడు. ఆ మాట దగ్గర మనం ఆగం. లేవీయకాండము 15 ప్రకారం ఆమె పడుకున్న పడక కూడా అపవిత్రమే. అందుకే వెనకనుంచి వచ్చి వస్త్రం ముట్టుకుంది. యేసు ఆమెను అందరి ముందుకూ పిలిచి, కుమార్తె అన్నాడు.

ఆ కుమార్తెలు మన ఇళ్లలోనూ ఉన్నారు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోవడం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం, పెద్ద పెద్ద గడ్డలు పడడం, మెట్లెక్కితే ఆయాసం. ఇవి ‘ఆడపుట్టుక’ కష్టాలు కావు, వైద్యం ఉన్న జబ్బు లక్షణాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తిండి ఒక్కటే కారణం కాదు.

డాక్టరమ్మ పరీక్షించి గర్భనిరోధక మాత్రలు రాస్తుంది. ఇంటికొచ్చాక గొడవ మొదలవుతుంది. ‘పెళ్లికాని పిల్లకు ఆ మాత్రలా? ఎవరైనా చూస్తే?’ అని తల్లి చీటీ దాచేస్తుంది. ఆ మాత్ర ఏం చేస్తుంది? అండం విడుదల కాకుండా ఆపుతుంది, గర్భసంచి లోపలి పొరను పలచగా ఉంచుతుంది. పొర పలచనైతే స్రావం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ప్యాకెట్‌లో 28 మాత్రలుంటాయి. వాటిలో 21 హార్మోన్‌వి, మిగతా ఏడూ ఇనుము మాత్రలు. లక్నోలో మన శాస్త్రవేత్తలే తయారుచేసిన ‘ఛాయా’ మాత్రలో హార్మోన్ లేదు, దాన్నీ అధిక రక్తస్రావానికి వాడతారు.

కథోలిక సహోదరులు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. గర్భనిరోధాన్ని కాదన్న 1968 నాటి పోపుగారి లేఖ కూడా జబ్బు నయం చేయడానికి అవసరమైన చికిత్సను తప్పనలేదు. ఇక పెళ్లయిన జంటలు ఎంతమంది పిల్లలో, ఎప్పుడో అనేది ఇద్దరూ కలిసి ప్రార్థించి నిర్ణయించుకోవాలి. అత్తగారి కమిటీ అక్కర్లేదు.

మాత్ర అందరికీ పడదు. అధిక రక్తపోటు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు, 35 దాటి పొగతాగేవాళ్లు, పసిబిడ్డకు పాలిచ్చే తల్లులు డాక్టరుకు ముందే చెప్పాలి. మందుల షాపులో అడిగి మింగేది కాదు. నలభై దాటాక స్రావం పెరిగినా, ముట్లుడిగాక మళ్లీ కనిపించినా తప్పకుండా పరీక్ష చేయించాలి.

సిగ్గుతో మాత్ర మానేస్తే ఏమవుతుందో చూడండి. మనకు ఉత్తరాన ఉన్న బీడ్ జిల్లాలో చెరకు కోసే ఆడవాళ్ల గురించి 2019లో దేశమంతా విన్నది. ఒకరోజు పని మానితే ముకాదం జరిమానా వేస్తాడు. నెలసరి బాధ లేకుండా పోతుందని గర్భసంచే తీయించుకున్నారు. ప్రభుత్వ కమిటీ సర్వేలో 82,309 మందిలో 13,861 మందికి ఆ ఆపరేషన్ అయినట్టు తేలింది. మన బంధువులున్న ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలు కూడా ఈ ఆపరేషన్లలో దేశంలో ముందువరుసలోనే ఉన్నాయి. చిన్నవయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముందే వస్తుంది. అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఎవరైనా ‘తీసేద్దాం’ అంటే, ‘మందులతో తగ్గదా డాక్టరుగారూ?’ అని అడగండి. మరో డాక్టరుకూ చూపించండి.

తమ్ముళ్లూ, అక్కనో చెల్లినో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే బండి తీయండి. బయటే నిలబడి ఫోన్ చూసుకోకుండా, ఆమె ఒప్పుకుంటే లోపలికి వెళ్లి డాక్టరు చెప్పింది వినండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటావిడ, మన సంఘంలోని నర్సమ్మ వెనక గదిలో కూర్చుంటారు. తలుపు వేసి ఉంటుంది. చీటీ దాచుకున్నవాళ్లు దాన్ని తీసుకుని రండి.