తెగిన ముక్క ఎక్కడికి పోయింది? – జానెట్ రౌలీ పరిశోధన

షికాగో విశ్వవిద్యాలయం వైద్య విద్యలో ఆ రోజుల్లో 65 సీట్లుంటే ఆడపిల్లలకు మూడే. ఆ మూడూ నిండిపోయాయని జానెట్ డేవిసన్‌ను తొమ్మిది నెలలు ఆగమన్నారు. ఆగింది. 1948లో పట్టా పుచ్చుకుని, మర్నాడే సహాధ్యాయి డొనాల్డ్ రౌలీని పెళ్లి చేసుకుంది. నలుగురు కొడుకులు. ఆఖరివాడికి పన్నెండేళ్లు వచ్చేదాకా ఆమె పూర్తికాలపు ఉద్యోగం జోలికి పోలేదు. వారానికి కొన్ని రోజులే పనిచేసిన మనిషి చరిత్రను చెప్పుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. ఆమె కనిపెట్టిన వాటిలో ముఖ్యమైనవి ఆ కొద్ది రోజుల్లో పుట్టినవే మరి!

మొదట్లో ఆమె డౌన్ సిండ్రోమ్ పిల్లల క్లినిక్‌లో వైద్యురాలు. ఆ పిల్లల కణాల్లో 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుందని 1959లో ఫ్రాన్సులో తేలింది. దాంతో ఆమె దృష్టి అటు మళ్లింది. 1961లో భర్త ఏడాది పాటు ఆక్స్‌ఫర్డ్ వెళితే, తానూ వెళ్లి క్రోమోజోములను చూసే పద్ధతి నేర్చుకుంది. తిరిగొచ్చాక షికాగోలో రక్తవ్యాధుల నిపుణుడు లియాన్ జేకబ్‌సన్ ఆమెకు మైక్రోస్కోపు, కూర్చోవడానికి చోటు, కొద్దిపాటి జీతం ఏర్పాటు చేశాడు.

అప్పటికే 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఒక సంగతి చెప్పి ఉన్నారు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల రక్తకణాల్లో ఒక చిన్న క్రోమోజోము మరీ పొట్టిగా కనిపిస్తోంది. వాళ్ల ఊరి పేరు మీద దాన్ని ఫిలడెల్ఫియా క్రోమోజోము అన్నారు. అందులో కొంత తెగి పోయిందనే అందరూ అనుకున్నారు. అది ఎక్కడికి పోయిందని వెతికే సాధనం కూడా అప్పట్లో లేదు. రంగు వేస్తే క్రోమోజోములన్నీ ఒకే తీరుగా కనిపించేవి; పొడుగును బట్టి గుంపులు కట్టడమే తప్ప ఏది ఏదో గట్టిగా చెప్పలేకపోయేవారు.

1970 ప్రాంతంలో స్వీడన్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది. క్వినాక్రిన్ రంగు వేసి అతినీలలోహిత కాంతిలో చూస్తే ప్రతి క్రోమోజోముకూ తనదైన చారల వరస మెరుస్తుంది. రౌలీ మళ్లీ ఆక్స్‌ఫర్డ్ వెళ్లి అదీ పట్టుకొచ్చింది. ఫొటోలు తీసి, ఒక్కో క్రోమోజోమునూ కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్ల మీద జతలు కట్టేది. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారు.

1972లో ఆ బల్ల మీదే మొదటి జవాబు దొరికింది. ఒక రకం తీవ్ర లుకేమియాలో 8వ, 21వ క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయి. తర్వాత ఫిలడెల్ఫియా సంగతి చూస్తే, ఆ పొట్టిది 22వ క్రోమోజోము; అందులో తగ్గిన ముక్క 9వ క్రోమోజోము చివర అతుక్కుని ఉంది! పోలేదు, చోటు మారింది. అదే రోగుల ఆరోగ్యకరమైన కణాల్లో ఈ మార్పు లేదు కనుక పుట్టుకతో వచ్చింది కాదు. 1973లో ‘నేచర్’ పత్రిక దీన్ని అచ్చువేసింది.

చాలామంది నిపుణులు నమ్మలేదు. క్యాన్సర్ వచ్చాక కణం చెదిరిపోతుంది, క్రోమోజోముల గందరగోళం ఆ చెదురులో భాగమే అన్నది అప్పటి అభిప్రాయం. రౌలీది సూటి వాదన: గందరగోళమే అయితే ప్రతి రోగిలోనూ అదే జత, అదే తీరు ఎందుకు? 1977లో ప్రోమైలోసైటిక్ లుకేమియాలో 15, 17 జత కూడా తేలేసరికి కాదనడం కష్టమైంది. ఆ రకానికి ఇప్పుడు ఎ-విటమిన్ సంబంధమైన మందు వాడుతున్నారు; అది పనిచేసేది సరిగ్గా ఆ తెగిన చోట పుట్టే లోపం మీదే.

ఇక 9, 22 అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసిపోయి, ఆగకుండా పనిచేసే ఎంజైమును తయారు చేస్తాయని 1980ల్లో తెలిసింది. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. తొలి పెద్ద పరీక్షలో దీన్ని మొదటి మందుగా వాడినవారిలో అయిదేళ్ల తర్వాత 89 శాతం మంది బతికి ఉన్నారు. మన దేశంలో ఆ మందు జనరిక్‌ను హైదరాబాద్‌కు చెందిన నాట్కో కూడా తయారుచేసింది. నోవార్టిస్ పేటెంటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు ఎదురు నిలిచినవారిలో ఆ సంస్థా ఉంది. 2013 ఏప్రిల్ 1న కోర్టు పేటెంటు నిరాకరించింది. రౌలీ అదే ఏడాది డిసెంబరులో, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు ఈ మందు వాడుతూ ఏళ్ల తరబడి జబ్బు జాడ కనిపించని రోగులు కొందరు డాక్టరు పర్యవేక్షణలో మాత్ర ఆపి చూస్తున్నారు. రక్తంలో ఆ అతుకు జన్యువు కోసమే పదేపదే పరీక్ష చేస్తారు. దాదాపు సగం మందిలో అది తిరిగి కనిపిస్తుంది, మాత్ర మొదలుపెడితే చాలావరకు మళ్లీ లొంగుతుంది. ఎవరిలో తిరగబెడుతుందో ముందుగా కచ్చితంగా చెప్పగల పరీక్ష మాత్రం ఇంకా రాలేదు.